ట్రాలీ వెనుక కెమెరా, రిలే లోపల హెన్రీ

ఫస్టియర్‌లో బేసిక్ ఎలక్ట్రికల్ చదివినవాళ్ళం అందరం హెన్రీ పేరు వందల సార్లు రాసే ఉంటాం. ఇండక్టెన్స్ ఇన్ని హెన్రీలు, ఇన్ని మిల్లీ హెన్రీలు అని లెక్క తేల్చి, కింద రెండు గీతలు గీసి తర్వాతి ప్రశ్నకు పోతాం. వోల్టా, ఆంపియర్, ఓమ్, ఫారడేల గురించి ఎవరో ఒక సార్ ఒక ముక్క చెప్పే ఉంటారు. హెన్రీ ఎవరు, ఏ దేశపాయన అని అడిగితే మాత్రం క్లాసంతా సైలెంట్.

ఈసారి మినీ ప్రాజెక్టుకు మేం ముగ్గురం ట్రాక్టర్ ట్రాలీ వెనుక కెమెరా పెట్టి, అది దానంతటదే ఆన్ అయ్యేటట్టు చేయాలనుకున్నం. మూడు చిక్కులు వచ్చినయి. వాటికి జవాబులు వెతుక్కుంటూ పోతే మూడు దారులూ ఒక్క మనిషి ఇంటి ముందుకే పోయినయి. ఆయన పేరు జోసెఫ్ హెన్రీ. ఈ వ్యాసం ఆయన జీవితం గురించే. మా ట్రాలీ నడుమ నడుమ వస్తుంటది, ఏమనుకోకండి.

ముందు మా కథ రెండు ముక్కల్లో. నాది కోరుట్ల దగ్గరి ఊరు, ఒక దోస్తుది జగిత్యాల, ఇంకో దోస్తుది సిరిసిల్ల. వరి కోతలప్పుడు మా దిక్కు ఏ రోడ్డు చూసినా వడ్ల ట్రాలీలే. పసుపు సీజన్‌లో బస్తాలు నిజామాబాద్ మార్కెట్ దాకా పోతయి. ట్రాక్టర్ నడిపేటాయనకు ముందు అంతా కనిపిస్తది, వెనుక మాత్రం ఇనుప డబ్బా అడ్డం. పైగా రివర్స్ తీసేటప్పుడు స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రాలీ వెనుక భాగం ఎడమకు పోతది. అందుకే కింద ఒక మనిషి నిలబడి చెయ్యి ఊపుతూ ఉండాలె. ఆ మనిషి లేని రోజే అసలు భయం. పోయిన పంటకు వడ్ల కొనుగోలు సెంటర్‌లో మా కాక ట్రాలీ వెనక్కి తీస్తుంటే, కుప్పల నడుమ ఆడుకునే పిల్లగాడు ఒకడు వెనుకకు ఉరికొచ్చిండు. ఎవరో అమ్మ గట్టిగా అరిచింది, కాక బ్రేక్ తొక్కిండు. ఏం కాలేదు. కానీ ఆ రాత్రి కాక అన్నం ముట్టలేదు.

ఇది మా ఊరి బాధ ఒక్కటే కాదు. అమెరికాలో కారు వెనుక చక్రాల ఇల్లు తగిలించుకుని ఊర్లు తిరిగేవాళ్ళకూ ఇదే తిప్పలు. అక్కడ 2018 మే నుంచి కొత్త కార్లకు, చిన్న ట్రక్కులకు వెనుక కెమెరా తప్పనిసరి అయింది. వెనుక తగిలించే ట్రైలర్‌కు మాత్రం ఆ నియమం లేదు. మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లకు రివర్స్ సెన్సర్ ఉండాలె. మన ట్రాలీ సంగతి వేరే చెప్పాలా? కాబట్టి ట్రైలర్ ఉన్నవాళ్ళు కెమెరా సొంతంగా పెట్టుకోవాలె. పెట్టుకున్నా, స్విచ్ వేయడం మరిచిపోతే అది లేనట్టే. ఆర్పడం మరిచిపోతే పొద్దునకు బ్యాటరీ ఖాళీ. మనిషి గుర్తు పెట్టుకోవాలె అనే షరతును తీసేయడమే ఆటోమేషన్. మా సిరిసిల్ల దోస్తుకు ఇది పుట్టినప్పటి నుంచి తెలుసు. సాంచ మీద పేక దారం తెగితే సాంచ దానంతటదే ఆగుతది. నేతపనాయన ఒక్కో దారాన్ని చూస్తూ కూర్చుంటే బట్ట ఎప్పుడు నేయాలె?

ఇక హెన్రీ దగ్గరికి పోదాం.

జోసెఫ్ హెన్రీ 1797 డిసెంబర్ 17న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం ఆల్బనీలో పుట్టాడు. తండ్రి కూలి పని చేసేవాడు. ఇంట్లో గడవక పిల్లవాణ్ణి గాల్వే అనే ఊరికి, అమ్మమ్మ దగ్గరికి పంపారు. అక్కడ బడికి పోతూ కొట్లో పని చేశాడు. హెన్రీ ఇంకా చిన్నవాడిగా ఉండగానే తండ్రి పోయాడు. పదమూడేళ్ళ వయసులో గడియారాలు, వెండి పని చేసే ఒకాయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. మనసు మాత్రం నాటకాల మీద ఉండేది. దాదాపు నటుడు అయ్యేవాడే. పదహారేళ్ళప్పుడు సైన్సు సంగతులను మామూలు మాటల్లో వివరించే పుస్తకం ఒకటి చేతికి దొరికింది. రాయి పైకి విసిరితే ఎందుకు కింద పడుతుంది లాంటి ప్రశ్నలున్న ఆ పుస్తకంతో ఆయన దారి మారింది.

1819లో ఆల్బనీ అకాడమీలో ఫీజు లేకుండా సీటు దొరికింది. తోటివాళ్ళ కన్నా వయసులో పెద్ద. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ చదివాడు. 1826లో అదే అకాడమీలో లెక్కలు, ప్రకృతి శాస్త్రం చెప్పే ప్రొఫెసర్ అయ్యాడు. రోజంతా పాఠాలే. సొంత ప్రయోగాలకు దొరికేది ఎండాకాలం సెలవులు మాత్రమే, అది కూడా ఖాళీ అయిన క్లాస్‌రూములో. ల్యాబ్ లేదని ప్రాజెక్టు వాయిదా వేసే మనలాంటోళ్ళం ఈ ముక్క దగ్గర కాసేపు ఆగాలె.

అప్పటికి ఇంగ్లండ్‌లో విలియం స్టర్జన్ 1825లో మొదటి విద్యుదయస్కాంతం చేసి ఉన్నాడు. ఆయన ఇనుప కడ్డీకి వార్నిష్ పూసి, దాని మీద ఉత్త రాగి తీగను దూరం దూరంగా చుట్టాడు. చుట్లు ఒకదానికొకటి తగిలితే కరెంటు అడ్డదారి పడుతుంది కాబట్టి ఎక్కువ చుట్టడానికి లేదు. హెన్రీ దీన్ని తిరగేశాడు. ఇనుముకు కాదు, తీగకే తొడుగు వేద్దాం అనుకున్నాడు. తీగకు పట్టు చుట్టాడు. అప్పుడు చుట్లను దగ్గర దగ్గరగా, ఒక పొర మీద ఇంకో పొరగా ఎన్నైనా వేయొచ్చు. ఇప్పటిలాగా ఇన్సులేషన్ తీగ దుకాణంలో దొరికే కాలం కాదు, అంతా చేత్తో చుట్టాల్సిందే. ఇది చదివినప్పుడు మా సిరిసిల్ల దోస్తు మురిసిపోయిండు. ఇంట్లో కండెలు చుట్టుతూ పెరిగినోడు కదా, కరెంటు చదువుకు దారం చుట్టే పని పునాది అయిందంటే ఎందుకు మురవడు?

ఫలితం ఏమైంది? 1831లో యేల్ కాలేజీ కోసం హెన్రీ చేసిన అయస్కాంతం 2,000 పౌండ్లకు పైగా, అంటే 900 కిలోల పైచిలుకు బరువు ఎత్తింది. అప్పటిదాకా అంత బలమైన అయస్కాంతం లేదు.

బలంతో పాటు హెన్రీని పట్టుకున్న ఇంకో ప్రశ్న దూరం. తీగ పొడుగు పెరిగితే అయస్కాంతం బలం ఎందుకు చస్తుంది? ఓమ్ రాసిన సూత్రం అప్పటికి ఆయన దాకా రాలేదు. చేసి చూసి తెలుసుకున్నాడు. దగ్గరి పనికి ఒక్క సెల్, పొట్టి తీగల చుట్లు చాలు. దూరపు పనికి వరుసగా కలిపిన చాలా సెల్స్, ఒకే పొడుగు తీగతో ఎక్కువ చుట్లున్న కాయిల్ కావాలి. 1831లో ఆల్బనీ అకాడమీలో ఒక గది గోడల చుట్టూ మైలుకు పైగా తీగ తిప్పి, ఒక కొసన కరెంటు ఇచ్చి ఇంకో కొసన గంట మోగించాడు. దూరానికి కబురు పంపడం సాధ్యమే అని ఆ గంట చెప్పింది. ఈ రోజు రామగుండం నుంచి కరెంటు 400 కిలోవోల్టుల లైన్ల మీద పోతుందంటే, దాని వెనుక ఉన్న ఆలోచన కూడా ఆ గదిలో పడ్డ తిప్పలకు చుట్టమే.

మా మొదటి చిక్కు సరిగ్గా ఇదే. బ్యాటరీ ట్రాక్టర్ మీద, కెమెరా ట్రాలీ చివర. పోను 8 మీటర్లు, రాను 8 మీటర్లు, మొత్తం 16 మీటర్ల తీగ. కెమెరా, మానిటర్ రెండూ కలిపి అర ఆంపియర్ కూడా తీసుకోవు. కానీ రాత్రిపూట కెమెరాకు ఏమన్నా కనపడాలంటే వెనుక రెండు లైట్లు కావాలె. అన్నీ కలిపి 5 ఆంపియర్లు వేసుకున్నం. 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే దారిలోనే దాదాపు 1.9 వోల్టులు పోతయి. 12 వోల్టుల్లో ఇది చిన్న నష్టం కాదు. 2.5 తీగ వాడితే పోయేది అర వోల్టు కన్నా కొంచెం ఎక్కువ. మనకు ఇది క్యాలిక్యులేటర్ మీద ఒక నిమిషం పని. హెన్రీకి కొన్ని ఎండాకాలాల పని.

1830లో ఆయన వరుసకు మరదలు అయ్యే హ్యారియెట్‌ను పెండ్లి చేసుకున్నాడు. 1832లో ప్రిన్స్‌టన్ కాలేజీకి ప్రొఫెసర్‌గా వెళ్ళాడు. అదే సంవత్సరం ఆయనకు పెద్ద దెబ్బ కూడా తగిలింది. అయస్కాంతంతో కరెంటు పుట్టించే ప్రయోగం హెన్రీ సొంతంగా చేశాడు. కానీ ఇంగ్లండ్‌లో మైకేల్ ఫారడే 1831లోనే చేసి ముందే ప్రచురించాడు. హెన్రీ పేపర్ 1832 జూలైలో వచ్చింది. ఆ ఘనత ఫారడేకు పోయింది, పోవాల్సిందే కూడా. హెన్రీ దాని గురించి గొడవ చేయలేదు. తర్వాత 1837లో యూరప్ పోయినప్పుడు ఫారడేను కలిసి స్నేహం చేసుకున్నాడు.

అయితే ఆ పేపర్ చివర్లో ఫారడే అప్పటికి చెప్పని సంగతి ఒకటి ఉంది. బ్యాటరీకి పొట్టి తీగ కలిపి విడదీస్తే నిప్పురవ్వ రాదు. ముప్పై నలభై అడుగుల తీగ కలిపి విడదీస్తే రవ్వ ఎగురుతుంది. ఆ తీగనే చుట్టగా చుడితే రవ్వ ఇంకా పెద్దది. కరెంటు ఆగిపోతుంటే తీగ ఒప్పుకోదు, సాగదీస్తుంది. మనం సెల్ఫ్ ఇండక్టెన్స్ అని చదివేది దీన్నే. లెక్కల కింద ఆయన పేరు రాసేది ఇందుకే.

మా ఇంకో చిక్కు ఈ రవ్వే. గేర్ లివర్ రివర్స్‌లో పడగానే నొక్కుకునేటట్టు ఒక చిన్న మైక్రో స్విచ్ పెట్టినం. అది రిలే కాయిల్‌ను నడుపుతది. గేర్ తీసినప్పుడు స్విచ్ తెరుచుకుంటది, కాయిల్‌లో ఉన్న శక్తి పోయే దారి లేక స్విచ్ కొసల మధ్య వందల వోల్టులు పుట్టిస్తది. రోజుకు ఇరవై ముప్పై సార్లు రివర్స్ పడే ట్రాలీలో స్విచ్ కొసలు మాడిపోవడానికి ఎన్ని రోజులు పడతది? దానికి మందు ఒక రూపాయో రెండు రూపాయలో చేసే డయోడ్. వన్ ఎన్ 4007ను కాయిల్‌కు అడ్డంగా, గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండేటట్టు కలిపితే చాలు. కాయిల్ తన కరెంటును తానే తిప్పుకుని చల్లబడుతది.

ఇక నడుమ ఉన్న అసలు చిక్కు, రిలే. అంత చిన్న స్విచ్ గుండా లైట్ల కరెంటు పోనియ్యొద్దు. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆడించాలె. 1835 ప్రాంతంలో ప్రిన్స్‌టన్ క్లాసులో హెన్రీ పిల్లలకు చూపించింది ఇదే. దూరం నుంచి వచ్చే బలహీనమైన కరెంటు ఒక చిన్న అయస్కాంతాన్ని కదుపుతుంది. అది కదిలి, పక్కనే ఉన్న పెద్ద అయస్కాంతం సర్క్యూట్‌ను తెంచుతుంది. పెద్ద అయస్కాంతానికి వేలాడుతున్న బరువులన్నీ ధడేలున కింద పడతాయి. ఆ చప్పుడుకు క్లాసులో వెనుక బెంచీ వాళ్ళు కూడా లేచి కూర్చుని ఉంటారు. మా రిలే కాయిల్ తీసుకునేది సుమారు 150 మిల్లీ ఆంపియర్లు, దాని కాంటాక్టులు ఆడించగలిగేది 30 ఆంపియర్లు. 85, 86 కాళ్ళు కాయిల్‌వి. 30కి ఫ్యూజ్ మీదుగా బ్యాటరీ, 87కు కెమెరా, మానిటర్, లైట్లు. అంతే సర్క్యూట్. కరెంటు ట్రాక్టర్ నుంచి ట్రాలీకి 7 పిన్నుల సాకెట్ మీదుగా పోతది.

ప్రిన్స్‌టన్‌లో హెన్రీ తన ప్రయోగశాల నుంచి ఇంటికి తీగ లాగి భార్యకు సంకేతాలు పంపేవాడు. తిరుగు దారికి రెండో తీగ వేయకుండా భూమినే వాడుకున్నాడు. అక్కడ 1840 నుంచి ఆయనకు తోడుగా ఉన్నది సామ్ పార్కర్ అనే నల్లజాతి సహాయకుడు. పరికరాలు సిద్ధం చేయడం, ప్రయోగాలకు చేయి అందించడం ఆయన పని. మన పుస్తకాల్లో హెన్రీ గురించే ఒక్క ముక్క లేదు, ఇక సామ్ పార్కర్ పేరు ఎక్కడ ఉంటుంది?

హెన్రీ తన అయస్కాంతాలకు, రిలేకు పేటెంట్ తీసుకోలేదు. సైన్సులో తెలిసింది అందరిదీ అన్నది ఆయన పట్టుదల. పేటెంట్ తీసుకున్నవాడు సామ్యూల్ మోర్స్. మోర్స్ చిత్రకారుడు. టెలిగ్రాఫ్ ఆలోచన ఉంది కానీ ఆయన పరికరం కొద్ది దూరం దాటి పని చేసేది కాదు. హెన్రీ 1831 పేపర్ చదివిన లియొనార్డ్ గేల్ అనే ప్రొఫెసర్ బ్యాటరీ, చుట్లు ఎట్లా మార్చాలో మోర్స్‌కు చూపించాడు. హెన్రీ కూడా అడిగిన సందేహాలన్నీ తీర్చాడు, ప్రభుత్వ సాయం కోసం ఆయన తరఫున మంచి మాట రాశాడు. 1844 మే 24న వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు టెలిగ్రాఫ్ పోయింది. మరుసటి ఏడు మోర్స్ జతగాడు ఆల్ఫ్రెడ్ వేల్ టెలిగ్రాఫ్ మీద పుస్తకం తెచ్చాడు. అందులో హెన్రీ చేసిన పనికి దక్కాల్సిన చోటు దక్కలేదు.

పేటెంట్ల మీద కోర్టు కేసులు నడిచినప్పుడు హెన్రీని సాక్ష్యానికి పిలిచారు. ఆయన తనకు తెలిసింది తెలిసినట్టు చెప్పాడు. 1854లో అమెరికా సుప్రీంకోర్టు మోర్స్ పేటెంట్‌ను చాలావరకు నిలబెట్టింది. కానీ విద్యుత్తుతో దూరానికి రాసే ఏ పద్ధతైనా తనదే అన్న అతి పెద్ద వాదనను కొట్టేసింది. 1855లో మోర్స్ హెన్రీ మాట అబద్ధమని అచ్చు వేసి మరీ తిట్టాడు. డబ్బు కోసం ఏనాడూ పోట్లాడని హెన్రీ, నిజాయితీ మీద మాట పడేసరికి ఊరుకోలేదు. తన సంస్థ పాలకమండలినే విచారించమని కోరాడు. కమిటీ కాగితాలన్నీ చూసి హెన్రీ మాటే నిజమని తేల్చింది.

ఆ సంస్థ స్మిత్సోనియన్. 1846లో దానికి మొదటి సెక్రటరీ అయ్యి, చనిపోయేదాకా 31 ఏళ్ళు నడిపాడు. సొంత ప్రయోగాలు దాదాపు వదులుకున్నాడు. ఊరూరా మనుషులను పెట్టి, టెలిగ్రాఫ్ మీద వాతావరణ వివరాలు తెప్పించి, మ్యాప్ మీద గుర్తులు పెట్టించాడు. తాను పేటెంట్ చేయని తీగ మీదే వాన కబురు తెప్పించాడన్నమాట. 1865 జనవరి 24న ఆ భవనంలో మంటలు లేచాయి. ఒక స్టవ్ గొట్టాన్ని పొగ పోయే దారి అనుకుని గోడ సందులో పెట్టడం దానికి కారణం. ఎన్నో ఏళ్ళ ఉత్తరాలు, కాగితాలు బూడిదయ్యాయి.

1875 మార్చిలో అలెగ్జాండర్ గ్రాహం బెల్ అనే కుర్రాడు ఆయన దగ్గరికి వచ్చాడు. మాట తీగ మీద పంపాలని ఉంది, కానీ తనకు కరెంటు చదువు సరిపోదని దిగులు చెప్పుకున్నాడు. ఆ చదువేదో సంపాదించుకో, పని వదలకు అన్న అర్థంలో హెన్రీ ధైర్యం చెప్పాడు. మోర్స్ నుంచి అంత తిన్న తర్వాత కూడా, ఇంకో కొత్త మనిషికి తలుపు తీయడానికి ఆయన వెనుకాడలేదు. 1878 మే 13న వాషింగ్టన్‌లో కన్నుమూశాడు. తండ్రి పనిని లోకం మరవకుండా ఆయన బిడ్డ మేరీ ఏళ్ళ తరబడి కాగితాలు కూడబెట్టింది. 1893లో చికాగోలో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఇండక్టెన్స్ కొలతకు హెన్రీ పేరు పెట్టింది.

రిలే ఎప్పుడూ నడుమనే ఉంటది. స్విచ్ వేసిన చెయ్యి కనిపిస్తది, వెలిగిన లైటు కనిపిస్తది. నడుమ టక్‌మన్న డబ్బీ కనిపించదు. ఫారడేకూ మోర్స్‌కూ నడుమ హెన్రీ కూడా అట్లాగే అయ్యాడు. పేటెంట్ తీసుకోకపోవడం ఆయన గొప్పతనమా, అమాయకత్వమా అని మా ముగ్గురి నడుమ ఇప్పటికీ లొల్లి. జగిత్యాల దోస్తు తీసుకోవాల్సిందే అంటడు. నా లెక్క వేరే. పని అందరికీ ఇవ్వొచ్చు, ఇవ్వాలె కూడా. కానీ ఎవరు ఏం చేశారో రాసి పెట్టాలె. పంచుకోవడం వల్ల హెన్రీకి నష్టం రాలేదు, పక్కవాళ్ళు చెప్పకుండా దాచడం వల్ల వచ్చింది.

అందుకే మా సర్క్యూట్ ఎవరు అడిగినా ఇస్తం. తీగ సైజు, ఫ్యూజ్, డయోడ్ దిక్కు అన్నీ రాసి ఉన్నయి. డబ్బాకు రంధ్రాలు చేసి, మా మాటలకు నవ్వుకుంటూనే వైరింగ్ సరిదిద్దిన కోరుట్ల ఆటో ఎలక్ట్రీషియన్ అన్న చేసిన పని కూడా రిపోర్టులో ఆయన వాటాగానే రాసినం. ఇంకో మాట కూడా రిపోర్టులో ఉంది, మీ ఊర్లో ఎవరికన్నా పెట్టిస్తే తప్పక చెప్పండి. కెమెరాకు చక్రం కింది మూల కనిపించదు, అద్దానికి దుమ్ము పడితే ఏదీ కనిపించదు. పిల్లలు తిరిగే చోట కింద ఒక మనిషి నిలబడే పద్ధతి మానొద్దు. మా కాక ఇప్పుడు మానిటర్ చూస్తూ ట్రాలీ వెనక్కి తీస్తుండు. అయినా ముందు ఒకసారి దిగి, వెనుకకు పోయి చూసి వచ్చినంకనే గేర్ వేస్తుండు.